మూడు పక్కల బొంత

ఆ ఏడాది డైరీ ఆకుపచ్చ అట్టది. ఒక మూల చెదలు కొట్టినా లోపలి రాత చెక్కుచెదరలేదు. అందులో ఒక ఆదివారం పేజీలో "బొంత పూర్తి" అని రాసి, దాన్ని గీతతో కొట్టేసి, కింద "మూడు పక్కలే" అని రాసుకున్నాను. నా డైరీల్లో కొట్టివేతలు చాలా తక్కువ. పని అయ్యాకే రాసే అలవాటు నాది. అందుకే ఆ గీత దగ్గర ఇప్పటికీ చూపు ఆగుతుంది.

అప్పట్లో నేను సికింద్రాబాద్‌లో ఒక ఆఫీసు రికార్డు సెక్షన్‌లో పనిచేసేదాన్ని. నా పక్క టేబుల్ అమ్మాయిది గుంటూరు వైపు. నాకంటే పదేళ్లు చిన్నది. పెళ్లయి వచ్చి రాంగోపాల్‌పేట్‌లో అద్దెకుండేది. నా "గిట్ల"లూ "జెర"లూ విని మొదట్లో తెగ నవ్వేది. ఆరు నెలలు తిరక్కుండా తనే, "జెర ఆ ఫైలు ఇటివ్వండక్కా" అనడం మొదలుపెట్టింది.

ఆమెకు రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోసారి ఐదో నెల నిండాక పోయింది. అప్పటికే తెల్ల ఉన్నితో బుల్లి సాక్సులు అల్లి పెట్టుకుంది. సెలవు ముగించుకుని ఆఫీసుకొచ్చిన రోజున ఆ సాక్సులున్న బిస్కెట్ల డబ్బా నా చేతిలో పెట్టి, "నాకు కనబడని చోట ఉంచండక్కా" అంది. ఎందుకని అడగలేదు. పద్మారావు నగర్‌లోని మా ఇంటికి తీసుకెళ్లి బీరువా పై అరలో పెట్టాను.

మళ్లీ నెల తప్పినప్పుడు ఆఫీసులో నాకొక్కదానికే చెప్పింది. చెబుతూనే షరతు పెట్టింది. "ఎవరూ ఏమీ కొనొద్దు, ఏమీ కుట్టొద్దు. పేర్ల మాటే ఎత్తొద్దు. మీరు కూడా."

సరేనన్నాను. ఐదో నెల నిండేదాకా ఆ మాట మీదే ఉన్నాను. ఆరో నెల పడిన ఆదివారం మాత్రం ఆగలేక పాత చీరల ట్రంకు పెట్టె తెరిచాను.

పసిబిడ్డ బొంతకు కొత్త బట్ట పనికిరాదు. ఏళ్ల తరబడి ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరలే కావాలి. మూడు ఏరాను. అన్నిటికంటే మెత్తనిది మా అమ్మ కట్టిన లేత పసుపు చీర. అది బిడ్డ ఒంటికి తగిలే వైపు రావాలనుకున్నాను. గంజి పోయేదాకా వేడినీళ్లలో ఉతికి, ఎండబెట్టి, చిరుగులున్న చోట్లు తీసేసి, గచ్చు మీద ఒకదాని మీద ఒకటి పరిచాను. కదలకుండా నాలుగు మూలలా పప్పు డబ్బాలు పెట్టాను. ముందు కచ్చా కుట్లు వేసి, ఆ తర్వాత నడుమ నుంచి అంచులకు కుట్టుకుంటూ వచ్చాను. అంచుల నుంచి మొదలుపెడితే బట్ట మధ్యలో పోగుపడి ఉబ్బుతుంది, బిడ్డ వీపుకు ఒత్తుకుంటుంది. ఏ ఆదివారం ఎన్ని వరసలు కుట్టానో డైరీలో ఉంది. ఒకచోట "ఈ రోజు రెండు వరసలు. ఒకటి వంకర. విప్పి మళ్లీ కుట్టాను" అని కూడా ఉంది.

తొమ్మిదో ఆదివారం నాలుగు అంచులూ మడిచి కుట్టేసి, మధ్యాహ్నం భోజనానికి ముందే "బొంత పూర్తి" అని రాసేసుకున్నాను. తర్వాత లోపలి గదిలో ఉన్న మా అత్తగారికి చూపించాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని అంచులన్నీ వేలితో తడిమింది.

"నాలుగు దిక్కుల మూసినవా?"

"అయిపోయింది గద అత్తమ్మా."

"ఏం అయిపోవుడు? బిడ్డ ఇంక కడుపులనే ఉన్నది. మనింట్ల ఒక పక్క తెరిచి పెడ్తరు. బిడ్డ ఒడిలెకు వచ్చినంకనే మూస్తరు. నీకు ఆఫీసుల ఫైళ్లు మూసి మూసి అన్నీ మూసుడు అలవాటైంది."

"ముందే చెప్పొద్దా మరి?"

"నువ్వు అడిగినవా? రాసుకుంటనే ఉన్నవ్ గాని, ఒక్కనాడన్న అడిగినవా?"

ఇలాంటివి పెద్దగా పట్టించుకునే మనిషిని కాదు. కానీ ఆ అమ్మాయి విషయంలో దేన్నీ తేలిగ్గా తీసుకోలేకపోయాను. వరండాలో కూర్చుని, బొంత ఒళ్లో వేసుకుని, బ్లేడు మొనతో నాలుగో పక్క కుట్లు ఒక్కొక్కటే తెంపడం మొదలుపెట్టాను.

సగం విప్పానో లేదో గేటు చప్పుడైంది. చూస్తే తనే. చర్చి నుంచి ఇంటికి వెళుతూ, సెలవు చీటీ నాకిచ్చి పోదామని వచ్చింది. బొంత దాచే వ్యవధి లేకపోయింది. మాట తప్పినందుకు కోప్పడుతుందనుకుని తల దించుకున్నాను. తను మాత్రం నా ఒళ్లో తెగిపడిన దారాల వైపే చూస్తోంది.

"ఎందుకు విప్పేస్తున్నారు?"

నేను బ్లేడు కింద పెట్టాను.

"డాక్టరమ్మ ఏమన్నా అందా? మా ఆయన మీకేమన్నా చెప్పారా? నా దగ్గర దాస్తున్నారా అక్కా?"

గేటు పట్టుకున్న చెయ్యి తను వదల్లేదు. ఏమీ కుట్టొద్దన్న మనిషి, కుట్టినది విప్పుతుంటే చూసి వణికిపోతోంది. నేను బొంత పక్కన పెట్టి లేచేలోపే మా అత్తగారు లోపలి నుంచి కేకేసింది.

"ఏం లేదు బిడ్డా, పరేషాన్ గాకు! మా కోడలు తొందరపడి నాలుగు దిక్కులా మూసింది. బిడ్డ వచ్చేదాక ఒక పక్క తెరిచి ఉంచాలె. నేనే ఇప్పమన్న."

తను మెల్లిగా వచ్చి మెట్టు మీద కూలబడింది. మొదట ఏడ్చింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, "ఇంత పద్ధతి గల మనిషి, మీరు తప్పు చేశారా?" అని నవ్వింది. బొంత ఒళ్లోకి లాక్కుని పసుపు వైపు చెంపకు ఆనించుకుంది. విప్పిన అంచు వేలితో తడిమి, "అయితే ఆ పక్క నాదన్నమాట" అంది.

వెళ్లబోతూ అడిగింది. "ఆ డబ్బా ఉందా అక్కా?"

"ఉన్నది. తెచ్చియ్యనా?"

"వద్దు. ఇప్పుడే వద్దు. ఉంటే చాలు."

డాక్టరు రైలు ప్రయాణం వద్దనడంతో తను పుట్టింటికి పోలేదు. వాళ్లమ్మే వచ్చింది. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. కబురందిన సాయంత్రం ఆఫీసు నుంచి ముందు ఇంటికొచ్చి, బొంత, సాక్సుల డబ్బా, దారం ఎక్కించిన సూది పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాను. పిల్ల ఆ పసుపు మీద పడుకుని పిడికిళ్లు బిగించి ఆవులించింది. సాక్సులు రెండూ వదులే. తల్లి వాటిని మళ్లీ మళ్లీ తొడిగింది.

నాలుగో పక్క కుట్టడానికి తనకు పదకొండు రోజులు పట్టింది. నాలుగు కుట్లు వేసేసరికి పిల్ల బొంత తడిపేది. ఉతికి ఆరేస్తేగాని మళ్లీ సూది పట్టేది కాదు. పొడుగు, పొట్టి, వంకర కుట్లు. "మీ వరసల పక్కన నావి సిగ్గుచేటుగా ఉన్నాయక్కా, విప్పి మీరే కుట్టండి" అంది.

"నేను విప్ప. ఒకసారి విప్పినందుకే గుండె ఆగినంత పని చేసినవ్."

ఆ రోజు డైరీలో మళ్లీ "బొంత పూర్తి" అని రాశాను. దాని పక్కనే ఇంకో మాట ఉంది: "కడపటి కుట్టు తల్లిది."