గేటు ముందు చెక్కపొట్టు

నిరుడు ఎండల్లో మా డాబా మీది మల్లె కుండీలు మాడిపోతే, ఎదురింటావిడ కుండీలు విరగబూశాయి. కరెంటు తీగలకు తగిలే కొమ్మలు కొట్టేవాళ్ళు వాటిని మిషనులో వేసి ముక్కలు చేస్తారు. ఆవిడ ఆ చెక్కపొట్టు అడిగి తెచ్చుకుని మొదళ్ళలో పరిచింది. తడి ఆరలేదు. ఆదివారం చర్చిలో ఆవిడది మా ముందు వరుస. ప్రార్థనలో కళ్ళు మూసుకున్నా ఆ జడలోని మల్లెల వాసన వచ్చేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఈ వేసవిలో మిషను వీధిలోకి రాగానే, ఆవిడ గేటు తీసేలోపే పనివాళ్ళకు పెసరట్లు, చల్లటి మజ్జిగ ఇచ్చాను.

"పొట్టంతా మాకే పోయండి. ఇంకెవరికీ వద్దు," అన్నాను మేస్త్రీతో.

"అంతానా అమ్మా? చాలా అవుద్దండి."

"అవనివ్వండి!"

ఊరి చివరిదాకా మోసుకెళ్ళి పారబోసే బాధ తప్పిందని వాళ్ళు సంబరపడ్డారు. సాయంత్రానికి మా గేటు ముందు నడుమెత్తు గుట్ట లేచింది.

కుండీలన్నిటికీ వేసినా అది తరగలేదు. స్కూటరు బయటికి రాక మా ఆయన ఆఫీసుకు ఆటోలో వెళ్ళారు, నన్ను తిట్టుకుంటూ.

"వదినగారూ, నాకో బస్తా ఇస్తారా?" అని ఎదురింటావిడ అడిగింది.

"మా అన్నయ్య పొలానికి పంపాలండీ," అన్నాను. మా అన్నయ్యకు కైకలూరు దగ్గర చేపల చెరువులే తప్ప పొలం లేదని ఆవిడకూ తెలుసు. తెచ్చిన ఖాళీ బస్తా మడుచుకుని వెళ్ళిపోయింది.

ఇంతలో వాన పడింది. గుట్ట లోపల వేడెక్కి, పుల్లటి కంపు మొదలైంది. వీధివాళ్ళు మా ఇంటివైపు చూసి ముక్కు మూసుకునేవారు. ఎత్తించడానికి ట్రాక్టరు కోసం ఎంత తిరిగినా దొరకలేదు. చివరికి ఆవిడే ఇంటింటికీ వెళ్ళి, "మొక్కలకు మంచిదండీ, బస్తాలు తెచ్చుకోండి," అని అందరినీ పిలుచుకొచ్చింది. మధ్యాహ్నానికి మా గేటు తెరుచుకుంది. జనమంతా ఆవిడకే థాంక్స్ చెప్పారు. పెసరట్లు నావి, గుట్ట నాది, పేరు ఆవిడది!

వాన వెలిసి ఎండలు మళ్ళీ ముదిరినా మా మల్లెలు మాత్రం పూశాయి. ఆదివారం మూరెడు దండ పెట్టుకుని ముందే వెళ్ళి ఆవిడ వరుసలో కూర్చున్నాను. ఆవిడ వచ్చి నా వెనక కూర్చుంది. తిరిగి చూస్తే తల్లో ఒక్క పువ్వూ లేదు. అందరికీ పంచాక ఆవిడకు పొట్టు మిగల్లేదట, మొక్కలు ఎండిపోయాయట.

"ఎంత బాగా పూశాయో వదినగారూ!" అని ముఖమంతా నవ్వింది.

ఎంత వెతికినా ఆ నవ్వులో కుళ్ళు కనిపించలేదు. నాకు అలా నవ్వడం ఎప్పటికీ రాదు. జడనిండా పూలు పెట్టుకుని మరీ, ఆవిడను చూసి మళ్ళీ కుళ్ళుకున్నాను.