అత్త ఏం తిన్నదో ఎవరమూ అడగలేదు

మా మేనత్త పోయి నెల దాటింది. ఆ ఉదయం వరంగల్‌లో దవాఖాన వరండాలో నిలబడి చుట్టాలందరికీ ఫోన్లు చేసింది నేనే. "తరిగొప్పుల అత్త పోయింది" అని స్పష్టంగానే చెప్పాను. అయినా కేసముద్రం నుంచి మా చిన్నాయన "మామనా?" అన్నాడు. మానుకోటలో ఉండే మా పెద్దమ్మ కూడా అదే మాట అంది. "మామ కాదు, అత్త" అని చెప్పీ చెప్పీ చివరికి ఎవరి మీదనో అరిచాను కూడా. వాళ్లననడానికి నాకేం హక్కుంది? నాలుగేళ్లుగా ఆ ఇంటి నుంచి ఫోన్ వస్తే నేను కూడా ముందు మామ గుండె గురించే అడిగేదాన్ని.

అత్త మా బాపుకు అక్క. పుట్టింది కేసముద్రం పక్క పల్లెలో, మెట్టింది తరిగొప్పుల దగ్గర ఊళ్లో. మామకు భూములున్నాయి. ఒకసారి సర్పంచ్ కూడా అయ్యాడు. పదవి పోయినా ఇంటికి మనుషులు రావడం మాత్రం తగ్గలేదు. వచ్చినవాళ్లను తినకుండా పంపడం మామకు చేతకాదు. వాళ్లకు వండిపెట్టేది అత్త. ఆమె చేతి యాట మాంసం కూర కోసం జనగామ నుంచి పని కల్పించుకుని వచ్చేవాళ్లుండేవాళ్లు. ఎంతమందికి వండినా ఉప్పు చూడడానికి నాలుక మీద వేసుకునేది కాదు. గంజు మీద మూత తీసి ఒకసారి వాసన చూసి, "ఇంకో పిడికెడు పడాలె" అనేది. చిన్నప్పుడు నేను పక్కన నిలబడి చాలాసార్లు రుచి చూశాను. ఒక్కసారి కూడా ఆమె మాట తప్పలేదు.

నాలుగేళ్ల కింద మామ పొలం గట్టు మీద ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. స్టెంటు వేశారు. ఇంటికి పంపేముందు డాక్టర్ అందరినీ కూర్చోబెట్టి, మేక మాంసం పూర్తిగా మానెయ్యాలని, చేపలు తినొచ్చు గానీ వేయించకూడదని, పప్పు, ఆకుకూరలు, జొన్నరొట్టె ఎక్కువ తినాలని, నూనె, ఉప్పు బాగా తగ్గించాలని చెప్పాడు. మామ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అత్త మాత్రం ఒక్కొక్క వేలూ ముడుస్తూ అడిగింది.

"చేపల పులుసు పెట్టొచ్చా సారూ?"

"పెట్టమ్మా, నూనె తక్కువ వెయ్యి."

"చింతపండు?"

"ఏం కాదు."

"తలకాయ కూర?"

"మేకదా? వద్దు."

"ఎప్పుడన్న ఒకసారి?"

"వద్దమ్మా."

బయటికి రాగానే మామతో, "ఇగ మన ఇంట్ల యాట కూర ఉండది" అంది.

"సూద్దాం తియ్" అన్నాడు మామ.

ఆ వారంలోనే పెద్ద గంజులన్నీ ఊళ్లో పెండ్లిళ్లకు వాడుకొమ్మని ఇచ్చేసింది. అప్పటిదాకా వాళ్లింట్లో చేపలంటే చెరువులో వల వేసిన రోజు తెచ్చుకునేవే. ఇప్పుడు వారానికి రెండుసార్లు కావాలి. అత్త బస్సెక్కి నేనుండే జనగామ వచ్చేది. రవ్వ, బొచ్చె, దొరికితే కొర్రమీను కొనేది. చేపలమ్మే ఆమె పక్కన పీట వేసుకుని కూర్చుని ఏ చేపకు ముల్లు ఎక్కువ, ఏది పులుసుకు నిలుస్తుంది అని అడిగి తెలుసుకునేది. యాభై ఎనిమిదేళ్ల వయసులో, తన వంటకు ఊరంతా పేరు తెచ్చుకున్న మనిషి, మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవడానికి కూర్చుంది. నూనె చుక్క వేసి, మెంతిపొడి చల్లి, మట్టి చిప్పలో పులుసు పెట్టేది. మొదట్లో మామూలుగా ఉండేది. ఏడాది తిరిగేసరికి ఆ పులుసు తిన్న రోజు నాకు ఇంకేదీ తినబుద్ధి అయ్యేది కాదు.

మామకు మాత్రం ఏనాడూ నచ్చలేదు.

"బర్రెకేసినట్టు ఆకులేస్తున్నవ్ నాకు" అని పళ్లెం నూకేసేవాడు. ఆమె ఎత్తుకుపోయి కాసేపాగి మళ్లీ తెచ్చి పెట్టేది. "కూర మంచిగ లేకుంటె నన్ను తిట్టు. పళ్లెం మీద అలుగకు" అనేది. ఈ మాట నేను పదిసార్లు విని ఉంటాను. అన్నిసార్లూ ఒకే గొంతుతో, కోపం లేకుండా అనేది. ఆ కోపం లేకపోవడం చూసి నాకు ఒళ్లు మండేది. ఒక్కసారన్నా ఆ పళ్లెం ఆమె కూడా నూకేస్తే బాగుండుననిపించేది.

చుట్టాలు ఇంకో రకం. పండుగకు వచ్చి చేపల పులుసు చూసి, "ఏంది అక్కా, మీ ఇంట్ల ఎవలన్న పోయిండ్రా, నీసు బందు పెట్టినవ్" అని నవ్వేవాళ్లు. చేపలు వాళ్ల లెక్కలో నీసే కాదు. మామ కూడా వాళ్లతో కలిసి నవ్వేవాడు. తర్వాత వాళ్ల బండి మీదనే ఊరవతలికి పోయేవాడు. ఎక్కడికో అత్తకు తెలుసు. అంగీ ఉతికేటప్పుడు మసాలా వాసన వచ్చేది. వాసన దగ్గర ఆమెను మోసం చేసినవాళ్లు లేరు. ఏమీ అనేది కాదు. తెల్లారి మాత్రం జొన్న గట్క, మజ్జిగ తప్ప ఇంకేమీ వండేది కాదు.

ఒక్కసారి మాత్రం అన్నది, అదీ నోటితో కాదు. పోయినేడాది ఎలక్షన్లప్పుడు ఊరి బయట మామిడితోటలో దావత్ పెట్టుకున్నారు. ఆ రోజు నేను అత్త ఇంట్లోనే ఉన్నాను. అత్త స్టీలు టిఫిన్‌లో రొట్టె, పాలకూర పప్పు, రెండు చేప ముక్కలు పెట్టుకుని నన్ను తోడు రమ్మంది. వద్దన్నాను. "నువ్వు చెట్టు కాడ నిలబడు. నేను పోత" అంది. బంతిలో కూర్చున్న అంతమంది మగవాళ్ల మధ్య నుంచి నడుచుకుంటూ పోయి, మామ ముందున్న ఆకు పక్కకు జరిపి, టిఫిన్ మూత తీసి పెట్టింది. మామ తల ఎత్తలేదు. రొట్టె తుంచి తిన్నాడు. ఆమె కొంగు సర్దుకుంటూ వెనక్కి వచ్చింది.

"గట్ల పోవుడు నాకు మంచిగనిపిస్తదనుకుంటున్నవా పిల్లా?" అంది. "ఆ మనిషి పడిపోయిన నాడు నేను జూసిన. మల్ల సూడలేను."

మామ ఆమెతో నెల రోజులు మాట్లాడలేదు. తినడం మాత్రం ఇంట్లోనే తిన్నాడు.

నేను జనగామలో ఒక ల్యాబ్‌లో పనిచేస్తాను. రక్తం తీయడం, బీపీ చూడడం, పరీక్ష చేయడం, రిపోర్టు చేతికివ్వడం నా పని. మూడు నెలలకోసారి మామను తీసుకుని అత్త వచ్చేది. చంకలో ఆయన ఫైలు ఉండేది. కొవ్వు తగ్గుతూ వచ్చింది, బరువు తగ్గింది, బీపీ అదుపులోకి వచ్చింది. రిపోర్టు చదివి చెబుతుంటే ఆమె ముఖంలో సంతోషం కనపడేది. మామ మాత్రం బయటి బెంచీ మీద కూర్చున్నవాళ్లతో, "మాది గట్టి పెయ్యి. మందులతోని కాదు" అనేవాడు. ఆ గట్టి ఒంటి వెనక ఎవరున్నారో ఒక్కనాడూ ఆ నోట రాలేదు.

అలా వచ్చినప్పుడే ఒకసారి అత్త గోడకు తల ఆనించి కళ్లు మూసుకుంది. నుదుటికి బట్ట కట్టుకుంది.

"ఏమైంది అత్తా?"

"దిమ్ముగున్నది బిడ్డా. ఎండకు."

"బీపీ చూస్త, కూసో."

"నాకేమైతది? బస్సు టైమైంది. ఆయన మందులు తీసుకోవాలె."

సరేనన్నాను. ఇంతమంది చేతులకు పట్టీ కట్టి బీపీ చూసే నేను, రెండు నిమిషాల పనిని వదిలేశాను. ఎందుకు వదిలేశానంటే నిజం చెబుతున్నాను, ఆమె గురించి నాకు భయం వేయలేదు. రోగి ఆయన, తోడు వచ్చింది ఈమె. మా అందరి తలల్లో అంతే ఉంది.

ఈ చైత్రంలో ఒక ఉదయం అత్త వంటింట్లో పడిపోయింది. మూతి ఒక పక్కకు పోయింది, కుడిచెయ్యి లేవలేదు. నేను జనగామ నుంచి, వాళ్ల కూతురు, అంటే మా వదిన, చెల్పూర్ నుంచి వరంగల్ దవాఖానకు పరుగెత్తుకొచ్చాం. వదిన భర్త అక్కడ కరెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. తలలో నరం చిట్లిందన్నారు. డాక్టర్ బయటికి వచ్చి, "ఈమెకు బీపీ ఎన్నేళ్ల నుంచి ఉంది? ఏం మందులు వాడుతోంది? పాత కాగితాలున్నాయా?" అని అడిగాడు.

మామ వెంటనే ఫైలు చేతికిచ్చాడు. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు అలవాటుగా తెచ్చాడు. డాక్టర్ రెండు కాగితాలు తిప్పి, "ఇది మీది కదండీ. ఆమెది అడిగాను" అన్నాడు.

ఆమెది అనే కాగితం లోకంలో ఎక్కడా లేదు.

"ఏం తింటుంది? ఉప్పు ఎక్కువ తింటుందా?" అని అడిగాడు. మామ వదిన వైపు చూశాడు. వదిన నా వైపు చూసింది. అప్పుడు ఆమె పళ్లెం నా కళ్ల ముందుకు వచ్చింది. మామ ముందు తింటే ఆయనకు ఆశ అవుతుందని ఆమె కూడా మాంసం మానేసింది. పులుసులో నడిమి ముక్కలు మామకు, మేమొస్తే మాకు. ఆమెకు తోక ముక్క మిగిలితే మిగిలినట్టు. చాలాపూటలు పొద్దటి అన్నంలో ఉప్పు దట్టించి నిలవబెట్టిన మామిడికాయ తొక్కో, ఉసిరి తొక్కో కలుపుకుని వంటింటి గడప దగ్గర తినేది. "ఆయన చప్పిడి కూర నాకు దిగది" అని నవ్వేది. ఆయన పళ్లెంలో తగ్గించిన ఉప్పంతా ఆమె పళ్లెంలోకి పోయిందని అంత మందిమి రోజూ చూశాం.

మూడో రోజు తెల్లవారి పోయింది.

దినాల నాడు యాటలు కోశారు. వదిన వద్దని ఏడ్చింది. "నాలుగేండ్ల నుంచి అమ్మ ఈ ఇంట్ల ముట్టనియ్యలే. ఒక్క పూట పప్పన్నం పెడితే ఏమైతది?" అంది. పెద్దవాళ్లు వినలేదు. ఊరికి నీసు పెట్టకపోతే పరువు పోతుందన్నారు. బంతిలో నా ఎదురుగా కూర్చున్న ఒకాయన బొక్క చీకుతూ, "గన్నేండ్లు చేపలు, ఆకులు తిన్నరు. ఏం లాభమాయె? పోయేటోళ్లు పోనే పోయిరి" అన్నాడు.

నేను ఆకు మీద నుంచి లేచాను. "తిన్నది మామ. ఆయన కూసున్నడు సూడు నీ పక్కనే. ఆయన బతికిండు గదా. లాభం అడుగుతున్నవా?" అన్నాను. మా బాపు నా చెయ్యి పట్టుకుని అవతలికి తీసుకుపోయాడు. వెనక్కి తిరిగి చూస్తే మామ తల వంచుకుని అదే కూర తింటున్నాడు.

ఆ కోపం ఇప్పటికీ దిగలేదు. అది ఆయన మీద ఎంతో, నా మీద ఎంతో విడదీయడం నాకు చేతకావడం లేదు. ఇది చదువుతున్నవాళ్లు అత్త చేసింది వృథా అనుకోవద్దు. ఆమె మార్చిన తిండి ఒక మనిషిని నిలబెట్టింది. నా చేత్తో రాసిన రిపోర్టులున్నాయి. కానీ ఇంట్లో తిండి మార్చడమంటే మేమంతా ఒక్క పళ్లెం మార్చడం అనుకున్నాం. వండే మనిషికి కూడా ఒక పళ్లెం ఉంటుందని మాకు తట్టలేదు. ఆమె కూడా గుర్తు చేయలేదు. అందుకు ఆమె మీద కూడా నాకు కోపమే.

మొన్న ఆదివారం మామ దగ్గరికి పోయాను. పోవాలని లేదు, వదిన చెల్పూర్ నుంచి ఫోన్ చేసి "ఒకసారి చూసి రావే" అంటే పోయాను. మామ వంటింట్లో ఉన్నాడు. ఆ ఇంట్లో ఆయనను వంటింట్లో చూడడం నాకు అదే మొదటిసారి. పొయ్యి చుట్టూ చింతపండు గుజ్జు ఒలికి ఉంది. ముంజేతుల మీద చేప పొలుసులు ఎండి అతుక్కుని ఉన్నాయి.

"చెరువుల వల ఏసిండ్రు. తెచ్చిన" అన్నాడు. "కూసో, తిందాం."

ఇద్దరికీ పెట్టాడు. నేను ముక్క నోట్లో పెట్టుకున్నాను. విషంలా చేదుగా ఉంది. చేపను కోసేటప్పుడు కడుపులో చేదు తిత్తి పగలకుండా తీయాలి. అది పగిలితే కూరంతా పోతుంది. ఆయనకు ఎవరు చెప్పారు కనుక?

"మామా, చేదు పగిలింది. తినకు, పారబోస్త" అన్నాను.

"ఎట్ల తీస్తుండె ఆమె?" అని అడిగాడు.

చెబుదామని నోరు తెరిచాను. నాకూ తెలియదు. ఎప్పుడూ తినడమే గానీ, ఆమె చేప కోసేటప్పుడు పక్కన కూర్చుని చూడలేదు.

నేను పళ్లెం పక్కన పెట్టాను. ఆయన పెట్టలేదు, నూకెయ్యలేదు. ఇంకో ముద్ద కలిపాడు. ముళ్లు ఒక్కొక్కటే ఏరి అంచున పెడుతూ, ఆ చేదు పులుసు మొత్తం, చివరి మెతుకు దాకా తిన్నాడు.