కుడివైపు మెత్త

మావారు ఢిల్లీలో పడవ కట్టారంటే మా బంధువులు ముందు నవ్వుతారు, ఆ తరవాత నావైపు జాలిగా చూస్తారు. ఆ జాలి నాకు అక్కర్లేదు. పెళ్లయినప్పటి నుంచీ ఈ మనిషి ఏదో ఒకటి కడుతూనే ఉన్నారు. ఆర్.కె. పురం క్వార్టర్లో ఉన్నప్పుడు బాల్కనీలో ఒక చెక్క బీరువా కట్టారు. దాని తలుపు ఒక్కనాడూ సరిగ్గా పడలేదు. దానికంటే పడవ నయం.

ఆయనది గోదావరి లంక. చిన్నప్పుడు బడికి వెళ్లాలన్నా, సంతకు వెళ్లాలన్నా పడవెక్కాల్సిందే. అలాంటి మనిషి ఢిల్లీ వచ్చి, ఆనకట్టల లెక్కలు చూసే సర్కారు ఆఫీసులో కూర్చుని, రిటైరయ్యేదాకా నీళ్లను కాగితం మీదే చూశారు. జనక్‌పురికి మారాక నజఫ్‌గఢ్ దారిలో ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని, ప్లైవుడ్డూ ఫైబరూ తెప్పించుకుని, వెనక ఇంజను బిగించే పవర్‌బోటు ఒకటి మొదలుపెట్టారు. ఎక్కడా కొన్న డిజైను కాదు, గీత గీతా ఆయనదే. నలుగురు కూర్చోవచ్చు. ముక్కు కోసుగా ఉంటుంది. అడుగు మధ్యలో వెన్నులా దిగి, అటూ ఇటూ వాలుగా పైకి లేస్తుంది.

అది సగంలో ఉండగా కళ్ల డాక్టరమ్మ చెప్పింది, నీటికాసులని. నొప్పి ఉండదు, ముందుగా చెప్పదు, పక్క చూపును కొంచెం కొంచెంగా తినేస్తుందట. కుడి కన్ను అప్పటికే చాలావరకు పోయింది. ఎడమదాన్ని చుక్కల మందులతో కొన్నాళ్లు నిలుపుకోవచ్చు, ఎన్నాళ్లో చెప్పలేను అంది. కారు నడపొద్దంది. ఆటోలో ఇంటికి వచ్చాం. గుమ్మంలో చెప్పులు విప్పుతూ, "చూపుండగా ఒక్కసారి దాన్ని నీళ్లలో నేనే నడపాలే" అన్నారు.

ఇంకేమీ అడగలేదు. అడగడం తెలియని మనిషి ఒక్కటి అడిగితే అది ఎంత బరువో నాకు తెలుసు. ఆ ఒక్కటీ తీరకుండానే ఆ చూపు వెళ్లిపోతుందేమోనని భయం పట్టుకుంది నాకు. అప్పటిదాకా పడవను సవతిలా చూసిన నేను ఆ మర్నాటి నుంచి టిఫిన్ క్యారియర్ పట్టుకుని షెడ్డుకు వెళ్లడం మొదలుపెట్టాను.

పడవ పూర్తయింది గానీ దాన్ని నది దాకా తీసుకెళ్లే ట్రైలర్ లేదు. కారు వెనక తగిలించుకునే రెండు చక్రాల బండి అది. పడవ దాని మీద కదలకుండా కూర్చోవాలి, రేవులో వెనక్కి దింపితే తేలి విడిపోవాలి. ఆయన మాయాపురి తుక్కు బజారంతా తిరిగి ఒకటి పట్టుకొచ్చారు. మూతపడిన ఏదో బోటింగు క్లబ్బుదట. టైర్లు చీకిపోయాయి, చక్రాలు తిరగకుండా మొరాయించాయి, ఒళ్లంతా తుప్పు.

"ఏవండీ, ఇది పడవని మోస్తుందా, పడవే దీన్ని మొయ్యాలా?" అన్నాను.

"ఇనుం గట్టిదేనే. పైపైన తుప్పు, అంతే. నాలాగా" అన్నారు.

ఆ చలికాలమంతా మాకు అదే సంసారం. తీగల బ్రష్షు పెట్టి నేను తుప్పు గీకేదాన్ని. సాయంత్రానికి నా జుట్టు గోరింటాకు పెట్టుకున్నట్టు ఎర్రబడేది. పక్కనే కిటికీ గ్రిల్సు చేసే వెల్డర్ వచ్చి, పుచ్చిపోయిన చోట్ల కోసి కొత్త ఇనుము అతికేవాడు. చక్రాల్లోని పాత బేరింగులు మట్టీ గ్రీజూ కలిసి రాయిలా గట్టిపడ్డాయి. వాటిని ఊడగొట్టి కొత్తవి వేశాం. రంగు దగ్గర మాకు చిన్న యుద్ధం జరిగింది. నేను పసుపు అన్నాను, ఆయన బూడిదరంగు అన్నారు. బూడిదరంగే పడింది, చక్రాల మధ్యలో మాత్రం పసుపు వేయించుకున్నాను.

గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా అమ్మాయి ఆదివారాలు వచ్చి చూసి పోయేది. మేం తెలుగులో మాట్లాడితే అది హిందీలో జవాబిస్తుంది. "మమ్మీ, ఆప్ దోనో పాగల్ హో" అని మాకు పిచ్చి అంటగట్టి, మళ్లీ తనే చేతులకు గ్లౌజులు తొడుక్కుని కూర్చునేది.

ట్రైలర్ మీద పొడవునా రెండు దుంగలుంటాయి, ఎడమొకటి, కుడొకటి. పడవ అడుగు వాటి మీదే ఆనాలి. ఫైబరు గీసుకుపోకుండా వాటికి మెత్తలు కావాలి. ఆ పని నాది. ఆర్.కె. పురంలో ఉన్న రోజుల్లో సగం మంది తెలుగు ఆడవాళ్లకు జాకెట్లు కుట్టిన చెయ్యి ఇది. గట్టి రబ్బరు పెట్టి, మీద ముతక తివాచీ గుడ్డ చుట్టి, నైలాన్ దారంతో రెండు మెత్తలు కుట్టాను. ఆయన ఇచ్చిన కొలత ప్రకారం రెండూ ఒకే మందం.

పడవను చైన్ పుల్లీతో పైకెత్తి, ట్రైలర్ కిందికి తోసి, మెల్లగా దింపాం. కూర్చున్నట్టే కూర్చుని కుడివైపుకి ఒరిగింది. మళ్లీ ఎత్తాం, మళ్లీ దింపాం. మళ్లీ ఒరిగింది.

"ట్రైలర్ వంకరుంది. తుక్కు తుక్కే" అన్నారు ఆయన, మొట్టమొదటిసారి విసుగ్గా. వెల్డర్, మేస్త్రీలు మట్టం చూసుకునే నీళ్ల ట్యూబు తెచ్చి అటూ ఇటూ పట్టి చూశాడు. "అంకుల్, ట్రైలర్ బిల్కుల్ సీధా హై" అన్నాడు, తిన్నగానే ఉందని. ఆయన వినలేదు. రేపు వచ్చి కుడి దుంగ కింది కాళ్లు కోసి మళ్లీ అతకమని చెప్పారు.

నేను పడవ వెనక్కి వెళ్లి నిలబడ్డాను. కొలతలు ఇవ్వడానికి వచ్చిన మనిషిని వెనక నుంచి చూడడం నాకు అలవాటు. ఎవరి భుజాలూ సమానంగా ఉండవు. టేపు పెట్టకముందే కంటికి తెలుస్తుంది. అలాగే తెలిసింది. ట్రైలర్ తిన్నగానే ఉంది. పడవ కుడిపక్క అడుగు ఎడమదానికంటే పైకి లేచిపోయి ఉంది.

ఎలా జరిగిందో కూడా నాకు అక్కడికక్కడే అర్థమైంది. ఆఫీసులో వాళ్లు బొమ్మ సగమే గీస్తారు. మధ్యలో నిలువుగీత గీసి, ఎడమపక్క అంతా గీసి, రెండో పక్క కూడా ఇలాగే అని రాసి వదిలేస్తారు. ఈయనా అదే చేశారు. కొలతలన్నీ ఎడమపక్కే తీసుకున్నారు, కుడిపక్కను కంటితో చూసి సరిపెట్టారు. కుడివైపు ఆయనకు చూపు లేదని అప్పటికి ఆయనకే తెలీదు. ఆ షెడ్డులో నిలబడి నాకు ఏడుపొచ్చింది. పక్క కొట్టు వెల్డింగు పొగ వంక పెట్టి కొంగుతో తుడుచుకున్నాను.

చెబితే ఏం చేస్తారో నాకు తెలుసు. బీరువా తలుపు పడకపోతే ఊరుకున్నారు గానీ, పడవ విషయంలో ఊరుకోరు. కుడిపక్కంతా కోసి మళ్లీ కడతారు. అది అయ్యేసరికి ఇంకో చలికాలం వస్తుంది. పడవ ఆగుతుంది, కన్ను ఆగుతుందా?

మర్నాడు ఆయన కళ్ల పరీక్షకు అమ్మాయితో ఆసుపత్రికి వెళ్లారు. నేను షెడ్డుకు వెళ్లాను. అప్పటికే వెల్డర్ కటింగ్ మిషను పట్టుకుని కూర్చున్నాడు.

"భయ్యా, ఇస్కో మత్ కాటో. ఇస్‌మే కోయీ కమీ నహీ హై" అన్నాను, కొయ్యొద్దని, లోపం దాన్లో లేదని.

అతను పడవవైపు చూశాడు, ట్రైలర్ వైపు చూశాడు, నన్ను చూశాడు. "అంకుల్ కో బతా దూఁ?" అన్నాడు, ఆయనకు చెప్పనా అని.

"నహీ. మై దేఖ్ లూఁగీ" అన్నాను, నేను చూసుకుంటానని. ఠీక్ హై అని చెప్పి మిషను పక్కన పెట్టాడు.

పాత దినపత్రికలు పడవ అడుక్కి అదిమి పట్టి, ఎడమపక్క ఆకారం ఒకటి, కుడిపక్క ఆకారం ఒకటి కత్తిరించాను. ఒకదాని మీద ఒకటి పెడితే తేడా రెండు వేళ్ల మందం ఉంది. భుజం దిగిన మనిషికి మనం ఏం చేస్తాం? భుజాన్ని సరిచెయ్యం, జాకెట్టునే ఆ భుజానికి తగ్గట్టు కత్తిరిస్తాం. కుడి మెత్త విప్పి, లోపల ఇంకో రబ్బరు ముక్క చెక్కి పెట్టి, కుట్టేశాను. కంటికి తేడా తెలీకుండా తివాచీ గుడ్డ అంచు కిందికి మడిచాను.

ఆయన వచ్చాక పడవ దింపాం. అచ్చు గుద్దినట్టు కూర్చుంది. ఆయన ఎడమ మెత్త మీద చెయ్యి వేసి చివరిదాకా నడిచారు. ఇటు వచ్చి కుడి మెత్త మీద చెయ్యి వేసి, మళ్లీ చివరిదాకా నడిచారు. "సరిపోయింది" అన్నారు. "మరి నిన్న ఎందుకు పడలేదే?"

"మెత్తలు కొత్తవి కదండీ. ఒక పూటాగితే అమిరాయి" అన్నాను. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది అంత బాగా అతకలేదు గానీ ఆయన మాట పెంచలేదు.

ఇక లాక్కెళ్లడం. అమ్మాయి పెద్ద కారుకి వెనక కొక్కెం బిగించారు. ముందుకి లాగడానికి ఏముంది, ఎవరైనా లాగుతారు. రేవులో వెనక్కి దింపడమే తలనొప్పి. స్టీరింగు కుడికి తిప్పితే ట్రైలర్ ఎడమకు పోతుంది, ఎడమకు తిప్పితే కుడికి పోతుంది. "మమ్మీ, ముఝ్‌సే నహీ హోగా" అని అమ్మాయి చేతులెత్తేసింది. ద్వారకా అవతల ఖాళీ మైదానంలో నేనే నేర్చుకున్నాను. మన మాట నెగ్గాలంటే ఎదురు మాట చెప్పాలన్న సంగతి అత్తగారి దగ్గర నేర్చినదాన్ని, ఇదెంత? ఆయన చెయ్యూపుతూ దారి చూపేవారు, ఎప్పుడూ ఎడమపక్కనే నిలబడి. కుడిపక్క ఏమవుతుందో నేను అద్దంలో చూసుకునేదాన్ని.

పొగమంచు తగ్గాక, ఒక ఆదివారం పొద్దున్నే గఢ్‌ముక్తేశ్వర్ దగ్గర గంగకు బయల్దేరాం. అనుమతుల సంగతి ఆయన ముందే చూసుకున్నారు. బతుకంతా ఫైళ్లలో గడిపిన మనిషికి అదొక పనా? రేవు చేరాక ట్రైలర్ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. పడవ ముక్కుకి పసుపు రాసి బొట్టు పెట్టాను.

"దీనికి చక్రాల్లేవు కదే, నిమ్మకాయ ఎక్కడ పెడతావ్?" అన్నారు.

"మీ తలకి చుడతానుండండి" అని చెప్పి ఇంజనుకి కట్టాను.

అద్దంలో చూసుకుంటూ వెనక్కి దింపడం మొదలుపెట్టాను. రేవులో పడవల వాళ్లంతా పని మానేసి చూస్తున్నారు. చీరకట్టుకున్న ఆంటీ ఎప్పుడు నీళ్లలో పడుతుందా అని కాబోలు. ట్రైలర్ నీళ్లలోకి దిగింది, పసుపు చక్రాలు మునిగాయి, పడవ కొంచెం ఊగి మెత్తల మీంచి తేలింది. స్టీరింగు మీద తల ఆనించి ఒక్క క్షణం అలాగే ఉండిపోయాను.

అమ్మాయి ఫోను పట్టుకుని గట్టు మీద ఉండిపోయింది. కారు గట్టెక్కించి, మేమిద్దరం నారింజరంగు లైఫ్ జాకెట్లు తొడుక్కుని పడవెక్కాం. ఆయన ఇంజను స్టార్ట్ చేశారు. పెళ్లినాటి ఫొటోలో కూడా ఆ మొహం అంత వెలగలేదు, ఒట్టు. కొంత దూరం పోయాక పడవ కుడికి లాగడం నాకు తెలుస్తూనే ఉంది. ఆయన ప్రతిసారీ స్టీరింగును కొంచెం ఎడమకు సర్దుతున్నారు. నేను నీళ్లవైపు చూస్తూ కూర్చున్నాను.

"ఎంత తేడా వచ్చిందే కుడిపక్క?" అన్నారు, ముందుకే చూస్తూ.

ఇంక దాచి లాభం లేదు. "రెండు వేళ్లండి" అన్నాను.

"అనుకున్నా. మెత్త తడిమితే తెలిసింది. చెప్తే మళ్లీ కోసేసేవాణ్ణి. మనం ఇవ్వాళ ఇక్కడుండేవాళ్లం కాదు." స్టీరింగు మళ్లీ కొంచెం ఎడమకు సర్దారు. "బాగా కుట్టావే."

ఆయన ఇంజను నెమ్మది చేసి, చేత్తో పక్క సీటు చూపించారు, తన కుడివైపుది. లేచి వెళ్లి అందులో కూర్చున్నాను.

"ఇటేపు నాకేం కనబడదు. ఏముందో చెప్పు" అన్నారు.

చెప్పాను. ఇసుక దిబ్బ ఉంది, దాని మీద పుచ్చపాదులున్నాయి. రెండు కొంగలున్నాయి, ఒకటి ఎగిరింది. మెట్ల దగ్గర ఒక ముసలాయన నడుం లోతు నీళ్లలో స్నానం చేస్తున్నాడు, మనవైపే చూస్తున్నాడు.

"చెయ్యూపు" అన్నారు.

ఊపాను. ఆ ముసలాయన కూడా ఊపాడని చెప్పాను. నిజంగానే ఊపాడు.