చెల్లెలి ముఖానికి నిమ్మగడ్డి నూనె

ఎనిమిదో తరగతి పరీక్షకు మూడు వారాలు ఉందనగా మా చెల్లెలు బడికి పోనని ముసుగుతన్ని పడుకుంది. జ్వరం కాదు, దగ్గు కాదు. ముఖం నిండా మొటిమలు. నుదుటి మీద మొదలై బుగ్గల మీదికి, గడ్డం కిందికి దిగాయి. ఒకటి మానేలోపు రెండు లేచేవి.

మాది పులివెందుల దగ్గర పల్లె. నాయనకు గొర్రెల మంద ఉండేది. నేను మూడో తరగతితో బడి మాని మందలో పడ్డాను. ఇంట్లో ఒక్క ఆడపిల్లయినా చదవాలని, ఆ రోజుల్లో ఎనిమిది పాసైతే చాలు టీచరు ట్రైనింగుకు పోవచ్చని, చెల్లెలి వంతు పని కూడా నేనే చేసేదాన్ని. దొడ్డి ఊడ్చి, ఎరువెత్తి, తల్లిలేని గొర్రెపిల్లలకు పాలు తాపి, ఆమెను పులివెందుల బడికి సాగనంపేదాన్ని. అందుకే ఆమె అట్లా పడుకుంటే పోయి ముసుగు లాగేశాను.

"లెయ్‌మే, పరీచ్చ దగ్గరికొచ్చింది" అన్నాను.

"నీకేం, గొర్లు నీ మొగం చూసి నవ్వవు. బళ్లో నన్ను జొన్నకంకి అంటాండారు."

"అంటే అననీలే."

"అయితే నువ్వే పోయి రాయి పో. నీ మొగం బాగుండాది కదా."

అమ్మ పసుపు, వేపాకు నూరి పట్టు వేసింది. అది ఎండి బిగుసుకునేది, కడిగితే మొటిమలు ఎక్కడివక్కడే ఉండేవి.

ఆ వారమే నాయన పొట్టేళ్లను అమ్మడానికి ప్రొద్దుటూరు పోతుంటే తోలుకుపోవడానికి నేనూ వెంట పోయాను. అక్కడ బజారులో అత్తర్లు అమ్మే ముసలి సాయిబు ఒకాయన ఉండేవాడు. చందనం నూనె, లవంగ నూనె, నీలగిరి తైలం, అన్నీ చిటికెన వేలంత సీసాల్లో. ఆయనకు సంగతి చెప్పాను.

"ఎవరికి బేటీ, నీకా?"

"నా మొగానికి ఏమైంది సాయిబూ? మా చెల్లెలికి."

ఆయన నవ్వి ఒక సీసా తీశాడు. "నిమ్మగడ్డి నూనె ఇది. గడ్డిని ఉడకబెట్టి, ఆ ఆవిరి పట్టి తీస్తాం. మోపెడు గడ్డికి ఇంత రాదు. అందుకే శానా గట్టిది. ఒక్కటంటే ఒక్క చుక్క, గంటెడు నువ్వుల నూనెలో వేసి పుయ్యి. ముందు మోచేతి మడతలో పూసి చూడు. నెల పడ్తాది, తొందరపడద్దు."

నాకు చదువు లేదు గానీ విన్నమాట మరిచే రకం కాదు. ఆయన చెప్పింది ఈ రోజుకీ పొల్లుపోకుండా చెప్పగలను. కాబట్టి నేను మరిచి చేసిన తప్పు కాదది.

నెల పడుతుందంటాడు, పరీక్షకు చూస్తే రెండు వారాలే ఉంది. పైగా నాకు తెలిసిన వైద్యం గొర్రెల వైద్యం. గొర్రెకు పుండుపడి పురుగులు చేరితే టర్పెంటాయిలు అట్లే పోసేవాళ్లం. గొర్రె తన్నుకుని పరిగెత్తిందంటే మందు పట్టిందని లెక్క. ఎవరైనా శనక్కాయ నూనె కలిపి పల్చన చేస్తే "మందును చంపుతాండారు" అని నాయన తిట్టేవాడు. దానికితోడు గడ్డిలోంచి తీసిందే కదా, పసరులాంటిదే కదా, ఏం చేస్తుందిలే అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం చెల్లెల్ని కూర్చోబెట్టి, దూదితో ముఖమంతా పచ్చి నూనే పూశాను.

"మండుతాందక్కా."

"మండనీ. పని చేస్తాంది."

"శానా మండుతాంది."

"రోంతసేపు ఓర్చుకో. గొర్రె కూడా ఇంత అరవదు."

ఆమె నన్ను తోసేసి నీళ్లతొట్టి దగ్గరికి పరిగెత్తింది. సాయంత్రానికి బుగ్గలు కందిపోయి, కళ్లు మూసుకుపోయాయి. మరునాటికి బొబ్బలు లేచాయి. నాయన సీసా వాసన చూసి, "కలపకుండానే పూసినావా?" అన్నాడు.

"నువ్వు గొర్లకు అట్లనే కదా పోస్తావు."

"అది గొర్రెతోలుమే" అని అరుగు మీద కూలబడ్డాడు.

బొబ్బలు చీముపట్టేసరికి బస్సెక్కించి జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరమ్మ పుండ్లు కడిగి, కట్టు కట్టి, ఇంట్లో ఇంకేమీ పూయవద్దని చెప్పింది. అక్కడే ఉండిపోవాల్సి వచ్చింది. పరీక్షరోజు మేం ఆ ఆసుపత్రి వసారాలోనే ఉన్నాం. చెల్లెలు కట్టు సందులోంచి నావైపు చూసి, "ఈపాటికి లెక్కల పేపరు ఇచ్చింటారు కదా" అంది. నేను ఆమె దుప్పటి సర్దుతూ కూర్చున్నాను.

ఇంటికొచ్చాక నాయన, "చాల్లే చదువు, మందకాడికి రానీ" అన్నాడు. ఇంకొక్క ఏడాది ఆమె వంతు నేనే చేస్తానని బతిమాలుకున్నాను. అన్న మాట తేలిక, ఏడాది బరువు. ఆ ఏడు మందలో గొర్రెల ఈతలు ఎక్కువ, రాత్రిళ్లూ మేలుకోవాల్సి వచ్చేది. నేను నిలబడే కునుకు తీసేదాన్ని.

పుండ్లు పూర్తిగా మానాక, కొన్ని నెలలకు చెల్లెలు ఆ సీసా తానే తీసింది. సాయిబు చెప్పింది నాచేత చెప్పించుకుంది గానీ, నన్ను ముట్టనివ్వలేదు. గంటెడు నువ్వుల నూనెలో ఒక చుక్క వేసి, మోచేతి మడతలో పూసి రెండు రోజులు చూసి, ఆ తర్వాతే మొటిమల మీద అద్దుకునేది. మెల్లగా అవి తగ్గాయి. నూనెకు తగ్గాయో, వయసుకు తగ్గాయో నేను చెప్పలేను. బుగ్గల మీద నేను చేసిన నల్లమచ్చలు మాత్రం పోలేదు.

మళ్లీ పరీక్ష వచ్చినప్పుడు పులివెందులకు ఆమెతోపాటు నేనూ నడిచాను. ఆమె లోపలికి పోయింది. నేను బడిగోడకు ఆనుకుని కూర్చుని, ఎప్పుడు నిద్రపోయానో తెలియదు.

"అక్కా, లెయ్. అయిపోయింది."

"ఎట్ల రాసినావు?"

"రాసినాలే. అందరూ నా మచ్చలే చూస్తాండ్రి."

"నువ్వేం చేసినావు?"

"నేను పేపరు చూసుకుంటి."

లేవబోతే కాళ్లు తిమ్మిరెక్కి లేవలేదు. చెల్లెలు పుస్తకాలు చంకన పెట్టుకుని, రెండు చేతులూ పట్టి నన్ను లేపింది.