రూతక్కా, నీ మోడల్ తప్పు

నిన్న పొద్దున్న తమ్ముడి మెసేజ్. "రూతక్క పోయింది."

రెండే మాటలు. ఎన్నిసార్లు చదివానో! స్టవ్ కట్టేస్తూ చదివాను. బస్సెక్కి చదివాను. మా ఊరు రాజోలు వచ్చేదాకా చదువుతూనే ఉన్నాను.

తమ్ముడు ఇంకెవరి గురించో పెట్టబోయి పొరపాటున పెట్టాడేమో అనుకున్నాను. ఏదో ఒకటి అనుకోవాలి కదా.

గుండెపోటట. మొన్న సాయంత్రం నాతో ఫోన్లో పకపకా నవ్విన మనిషికి.

రూతక్క మా పెద్దనాన్నగారి అమ్మాయి. హైదరాబాద్‌లో రీసెర్చ్ చేసేది. మనం తెలుగు చదివేటప్పుడు కళ్లు ఎక్కడ ఆగుతాయో, ఏ మాటని దాటేస్తాయో ముందే చెప్పే కంప్యూటర్ మోడల్ తయారుచేస్తోంది.

"కన్ను తిన్నగా వెళ్లదే, గెంతుతుంది. బాగా తెలిసిన చిన్న మాటైతే దాటేస్తుంది" అనేది.

"సరే అక్కా, ముందు టీ తాగు" అనేదాన్ని.

పోయిన వేసవి సెలవుల్లో కెమెరా, గడ్డం ఆనించుకునే స్టాండు మోసుకొచ్చి మా హాల్లో పెట్టేసింది. పెద్దనాన్నని కూర్చోబెట్టి స్క్రీన్ మీద పేపర్ పేజీ చూపించింది. మోడల్ లెక్క ప్రకారం పెద్ద హెడ్డింగ్ దగ్గర మొదలుపెట్టాలి. ఆయన కళ్లు సరాసరి కింద మూలకి వెళ్లిపోయాయి. కొబ్బరికాయ ధర మీదకి!

"అదేంటి నాన్నా, పైనుంచి చదవండి."

"ఆయ్, చదువుతానమ్మా. ముందు కాయ రేటు చూసుకోనీ."

ఇల్లంతా ఒకటే నవ్వులు. ఇంకొకరైతే చిరాకు పడేవారు. అక్క చప్పట్లు కొట్టింది. "తప్పింది! ఇప్పుడుంది అసలు పని" అంటూ అన్నం కూడా మానేసి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. పిచ్చి మొహం.

ఈ సాయంత్రం భూస్థాపన. చర్చిలో అక్క గురించి నాలుగు మాటలు చదవాలి. పెద్దనాన్న నా చెయ్యి పట్టుకుని, "నా వల్ల కాదమ్మా. నువ్వే చదివెయ్యి" అన్నారు. కాదని ఎలా అంటాను?

పొద్దున్నుంచీ ప్రాక్టీస్ చేస్తున్నాను. కూర్చుని, నిలబడి, డాబా మీద అటూ ఇటూ తిరుగుతూ.

మొదటి మాటే నీ పేరు అక్కా.

అక్కడే ఆగిపోతున్నాను. కళ్లు రెండో మాటకి వెళ్లనంటున్నాయి.

రెండక్షరాలు. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ పిలుస్తున్న పేరు. నీ లెక్క ప్రకారం దాటెయ్యాలి కదా అక్కా?

నీ మోడల్ మళ్లీ తప్పింది. ఉండుంటే చప్పట్లు కొట్టి, నా గడ్డం పట్టుకుని ఆ స్టాండులో పెట్టేదానివి. నీ మీద చాలా కోపంగా ఉంది. ఇప్పుడు దాన్ని ఎవరు సరిచేస్తారు?

సాయంత్రం చదువుతాను. నీ పేరు దగ్గర ఎంతసేపు ఆగినా సరే, చదువుతాను.

నువ్వు నిమ్మళంగా పడుకో రూతక్కా. ప్రభువు నీ కళ్లకి విశ్రాంతినివ్వాలి.