లాల పోయాల్సిన కాళ్ళు

ఢిల్లీ పక్కన వైశాలిలో మా పై అంతస్తులో ఉండే కృష్ణకుమారి ఆంటీకి ప్రతిదానికీ భయపడడం ఒక అలవాటు, ఆ భయాన్ని ఎవరికీ చెప్పకుండా దాచుకోవడం ఇంకో అలవాటు. 2006 చలికాలంలో ఆవిడ దాచింది తన కుడి మోకాలిని.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి గుజ్జు అరిగిందన్నాడు. మాత్రలు రాసి, రోజూ కాస్త నడవమన్నాడు. ఇంకొకరైతే పార్కుకు వెళ్ళేవారు. ఆంటీ దృష్టిలో ఊరికే నడవడం పనీపాటా లేనివాళ్ళు చేసేది. ఎలాగూ నడవాలి కదా, పుణ్యమూ వస్తుందని మా సెక్టారు హనుమాన్ మందిరంలో ప్రదక్షిణాలు మొదలుపెట్టింది. రోజుకు నూట ఎనిమిది. ఒట్టి కాళ్ళతో, మంచులా ఉన్న పాలరాతి మీద, ఇరుకు గర్భగుడి చుట్టూ.

ఆ తొందరకు కారణం శరణ్య. గుర్‌గావ్‌లో ఉద్యోగం చేసే ఆ ఒక్కగానొక్క కూతురికి అప్పుడు ఏడో నెల. పురిటికి పుట్టింటికే వస్తుంది. బిడ్డకు లాల పోయాల్సింది అమ్మమ్మే. నేల మీద పీట వేసుకుని, కాళ్ళు బారచాపి, పసిగుడ్డును వాటి మీద పడుకోబెట్టుకుని నూనె రాసి వేణ్ణీళ్ళు పోయాలి. ఆ తడిబిడ్డను ఎత్తుకుని లేవాలి. ఆంటీ నేల మీద కూర్చుంటే గోడ పట్టుకున్నా లేవలేకపోతోంది.

ఒకరోజు మెట్ల మీద ఎదురైంది. రెయిలింగ్ పట్టుకుని, పక్కకు తిరిగి, ఒక్కో మెట్టూ దిగుతోంది.

"ఏమైందాంటీ?"

"ఏం లేదమ్మా, చలికి పట్టేసింది. ఎండలొస్తే అదే పోద్ది."

నాకు కోపం ఎక్కువ. మా ఇంట్లోకి లాక్కొచ్చి కూర్చోబెట్టి చూస్తే మోకాలు బన్నులా ఉబ్బి ఉంది. నాలుగు చీవాట్లు పెట్టాను. ఆవిడ భోరుమంది.

"శరణ్యకి చెప్పకమ్మా. తెలిస్తే ఆయాని పెట్టేద్దాం అంటాది. నా చేతిలోంచి బిడ్డ జారిపోద్దేమోనని తల్చుకుంటేనే గుండె దడదడలాడిపోతందమ్మా. అలాగని ఎవరో నీళ్ళు పోస్తావుంటే కుర్చీలో కూర్చుని చూడమంటావా?"

మర్నాడే ఆటోలో ఇందిరాపురంలోని ఒక పంజాబీ ఫిజియోథెరపిస్టు అమ్మాయి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆంటీకి హిందీ అంతంత మాత్రం, అందుకని మధ్యలో నేను. రోజూ ఏం చేస్తారని ఆ అమ్మాయి అడిగింది. ప్రదక్షిణాల సంగతి చెప్పాను.

"నంగే పావ్?" ఒట్టి కాళ్ళతోనా అంది ఆ అమ్మాయి కళ్ళు పెద్దవి చేసి. గట్టి నేల, చెప్పులు లేవు, పైగా తిరగడం ఎప్పుడూ ఒకవైపుకే. ప్రతి మూలలోనూ మెలిక పడేది ఆ కుడి మోకాలికే అని వివరించింది. ఆంటీ మొహం పాలిపోయింది.

"మధ్యలో మానేస్తే స్వామికి కోపం రాదూ?"

"సముద్రం దాటినాయనకు అరిగిన గుజ్జు సంగతి తెలీదా ఆంటీ?" అన్నాను. ఆవిడ నవ్వలేదు.

గొంతుక్కూర్చోవద్దు, వ్యాయామమని మెట్లెక్కొద్దు, బూట్లు వేసుకుని చదునుగా ఉన్న చోట నొప్పి పెరగనంత వరకే నడవండి అంది ఆ అమ్మాయి. తరవాత ఆంటీని బల్ల మీద కూర్చోబెట్టి, కాళ్ళు చాపించి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కి తొడ బిగించమంది. కాసేపు అలా ఉంచి వదలాలట.

ఆంటీ చాచిన తన కాళ్ళకేసి చూసుకుంటూ ఉండిపోయింది. "ఇలా చాపుకుంటే తప్పు లేదంటనా?" అని మెల్లగా అడిగింది. ఎందుకడుగుతోందో నాకు అర్థమైంది. లాల పోయడం అంటే ఏమిటో ఆ పంజాబీ పిల్లకు చేతులతో చేసి చూపించాను. చాపడం వల్ల నష్టం లేదు, కింద కూర్చుని లేవడమే కష్టం, ఎత్తు మీద కూర్చోండి అంది.

ఆ రెండు నెలలూ చీర కింద స్పోర్ట్స్ షూ వేసుకుని పార్కులో నడిచింది. శేషగిరి అంకుల్ "మా ఆవిడ ఒలింపిక్స్‌కి వెళ్తోంది" అని ఆటపట్టించేవారు. నొప్పి ఒకరోజు తగ్గేది, ఒకరోజు మళ్ళీ వచ్చేది. తగ్గుతుందంటావా అని రోజూ నన్నే అడిగేది. పైకి విసుక్కునేదాన్ని గానీ, నాకూ భయంగానే ఉండేది.

మార్చిలో ఆడపిల్ల పుట్టింది. బొడ్డు ఊడాక లాల పోసే రోజున బాత్రూములో రెండు ప్లాస్టిక్ స్టూళ్ళు వేశాం. ఒకదాని మీద ఆంటీ కూర్చుని, రెండోదాని మీద మడమలు ఆనించింది. పాపను ఎత్తుకుని శరణ్య వచ్చింది.

"అదేంటమ్మా, స్టూలు మీదా?"

ఆంటీ నావైపు చూసింది.

"మోకాలు బాగోలేదే. కింద కూర్చుంటే లేవలేను. నీకు చెప్పలేదు."

శరణ్య పాపను తెచ్చి ఆ కాళ్ళ మీద పడుకోబెట్టింది. ఆంటీ తొడలు బిగించింది. నీళ్ళు పోస్తున్నంతసేపూ నేను ఊపిరి బిగబట్టుకునే ఉన్నాను. పాప ఏడ్చి ఏడ్చి, చివరికి ఆవలించింది.

పాపను తువ్వాల్లో చుట్టి నేను అందుకున్నాను. శరణ్య తల్లికి చెయ్యి అందించింది. ఎవరు చెయ్యి ఇచ్చినా ఆంటీ విదిలించేసేది. ఆ రోజు రెండు చేతులతో పట్టుకుని లేచింది. పచ్చి బాలింత ఆసరాతో లేవాల్సి వచ్చిందని కళ్ళనీళ్ళు పెట్టుకుంది గానీ, నిలబడ్డాక కూడా ఆ చెయ్యి వదల్లేదు.