ఐదో ముద్ద

రెండేళ్ళ వయసులో మా అమ్మాయి నాలుగు ముద్దలు తిందంటే ఆ రోజు ఇంట్లో పండగే. ఐదో ముద్దకి చేత్తో నోరు మూసుకుని "సాలు" అనేది. దానికి వచ్చిన మొదటి మాటల్లో అదొకటి. ఆ మాట మా అత్తకి మాత్రం ఎప్పుడూ వినిపించేది కాదు.

నౌపడ దగ్గర మా అత్తవారి ఊళ్ళో ఉగ్గు పట్టడమంటే ఒక పద్ధతి. కాళ్ళు చాపుకుని, వాటి మీద పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి, దాని రెండు చేతులూ ఒక చేత్తో పట్టుకుని, ఉగ్గుగిన్నెతో నోట్లో పోసేస్తారు. పిల్ల ఏడవడానికి నోరు తెరిస్తే మరీ సులువు. నెలల పిల్లలకు చేసే ఆ పని, మా అమ్మాయికి రెండేళ్ళు వచ్చినా అత్త మానలేదు. జారుగా మెదిపిన పాలన్నం సగం లోపలికి, సగం మెడ కిందకి పోయేది.

నేనూ అలా పెరిగినదాన్నే. నాలుగేళ్ళ వయసులో కూడా మా అమ్మ కాళ్ళ మధ్య తన్నుకోవడం నాకు గుర్తు. ఇప్పటికీ ఎవరైనా పాలన్నం కలిపితే అక్కణ్ణించి లేచిపోతాను.

ఆ నెల అంగన్‌వాడీలో కాటా వేస్తే ఎనిమిదీ ముప్పావు కిలోలు ఉంది. టీచరు కార్డు తీసి, చుక్క పసుపు రంగులో పడిందని, అంటే వయసుకి బరువు తక్కువని చూపించింది. డాక్టరు చూసి జబ్బేమీ లేదన్నారు. బలవంతం చెయ్యకుండా, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టమన్నారు. అత్త అన్నీ విని, ఇంటికొచ్చి ఉగ్గుగిన్నె కడిగింది.

ఆ సాయంత్రం పిల్లకి పొలమారింది. మొహం ఎర్రబడి కళ్ళు తేలేసింది. వీపు మీద చరిచాక గానీ ఏడుపు రాలేదు. నాకు భయమూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. పిల్లను లాక్కుని గిన్నెను అటక మీదకి విసిరేశాను.

"ఇంక దీన్ని కాళ్ళ మీద ఎయ్యడానికి నేదు, అత్తా."

"ముగ్గురు పిల్లల్ని ఈ కాళ్ళ మీదే పెంచినాను. నాకు నేర్పుతన్నావేటే?"

"నేర్పడం నేదు. సెప్తన్నాను."

"పిల్ల సిక్కిపోతే ఊళ్ళో నన్నే అంటారు."

"నన్ననమని సెప్పు."

మా ఆయన ఏదో అనబోయి, నా మొహం చూసి చెప్పులు వెతుక్కున్నాడు. చివరికి అత్త గడువు పెట్టింది. వచ్చే కాటాకి బరువు పెరగకపోతే గిన్నె అటక దిగుతుంది.

పొద్దస్తమానం చేతికిచ్చే బిస్కెట్లు ఆపేశాను, పాలు తగ్గించాను. వాటితోనే కడుపు నిండితే అన్నం దగ్గర నోరెందుకు తెరుస్తుంది? చోడి జావలో, అదే రాగి జావలో బెల్లం, ఉడికించిన గుడ్డు, పప్పన్నంలో చెంచాడు నెయ్యి. రోజుకి ఐదారుసార్లు, గుప్పెడేసి. నా కంచం పక్కన చిన్న కంచం పెట్టేదాన్ని. తింటే తినేది, లేకపోతే తీసేసేదాన్ని. మొదటి మూడు రోజులూ అన్నమంతా నేలకీ జుట్టుకీ పోయింది. అత్త గుమ్మంలో కూర్చుని నాకు వినపడేలా నిట్టూర్చేది. లోపల నాకూ భయమే. అయినా బెట్టు సడలించలేదు.

నాలుగో రోజు భావనపాడు చేపలామె దగ్గర నెత్తళ్ళు తీసుకుని పులుసు పెట్టాను. ముళ్ళు తీసి నా కంచంలో పెట్టుకున్న ముక్కని పిల్ల తనే లాక్కుంది. తిని, ఇంకోటి లాక్కుంది. నేను చూడనట్టే తింటూ కూర్చున్నాను. ఎగిరి గంతెయ్యాలనిపించింది.

కాటా రోజు తొమ్మిది కిలోలు ఉంది. చుక్క ఇంకా పసుపులోనే ఉంది.

"పావు కిలోకేనే ఇంత గొడవ?" అంది అత్త.

"పావు కిలోకే," అన్నాను.

ఆ మధ్యాహ్నం అత్త తనే పప్పన్నం కలిపి పిల్ల ముందు కూర్చుంది. అవసరమైతే మళ్ళీ పోట్లాడదామని నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. నాలుగు ముద్దలయ్యాయి. ఐదోది నోటి దాకా వెళ్ళింది. పిల్ల చేత్తో నోరు మూసుకుని "సాలు" అంది.

అత్త చెయ్యి ఆగింది. పిల్ల వంక చూసింది, నా వంక చూసింది. ఆ ముద్ద తన నోట్లో పెట్టుకుంది.

"సాలంట," అంది విసుగ్గా, నములుతూ.

చిన్నప్పుడు ఆ మాట నేనెన్నిసార్లు అన్నానో లెక్కే లేదు. ఒక్కసారి కూడా ఎవరూ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.